రాతికి పుట్టిన తేదీ

(సాక్షరతా కేంద్రాల్లో చదువుకునే మహిళల కోసం చేసిన ప్రసంగ పాఠం)



మీ వయసు ఎంత అని ఎవరైనా అడిగితే ఏం చెప్తారు? కొందరు టక్కున చెప్తారు. కొందరు ఆగి ఆలోచిస్తారు. కోస్తా ఊళ్లలో పెద్దవాళ్లయితే ఇంకోరకంగా చెప్తారు. "దివిసీమ ఉప్పెన వచ్చిన యేడు మా పెద్దోడు పుట్టాడు" అంటారు. ఆ ఉప్పెన వచ్చింది 1977 నవంబరులో. కాబట్టి పెద్దోడి వయసు లెక్క కట్టొచ్చు.

ఏ గుర్తూ లేనివాళ్ల సంగతి ఏమిటి? బిడ్డను బడిలో వేసే రోజున పంతులుగారు పుట్టిన తేదీ అడిగేవారు. తెలియదంటే ఆయనే ఒక తేదీ రాసుకునేవారు. జూన్ 1 అనో, జూలై 1 అనో రాసేవారు. అందుకే కాగితాల మీద జూలై 1న పుట్టినవాళ్లు అంతమంది ఉంటారు. ఆ ఒక్కరోజే అంతమంది పుట్టారా? లేదు. పని జరగాలి కాబట్టి ఒక అంకె వేశారు.

ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. జరిగిన సంగతిని గుర్తు పెట్టుకుని లెక్క కట్టడం ఒకటి. గుర్తు దొరకనప్పుడు అంకె వేసుకోవడం రెండోది.

భూమి వయసును లెక్కకట్టే శాస్త్రవేత్తలున్నారు. వాళ్లను భూగర్భ శాస్త్రవేత్తలు అంటారు. వాళ్లు కూడా ఈ రెండు పద్ధతులే వాడతారు. ఎక్కడ ఏది వాడారు? ఎందుకు వాడారు? ఆ అంకెలు గట్టివేనా? ఈ పాఠంలో ఆ సంగతులు ఉన్నాయి.

12 మూరల చీర

భూమి పుట్టి దాదాపు 454 కోట్ల ఏళ్లయింది. వంద వేలు ఒక లక్ష. వంద లక్షలు ఒక కోటి. అలాంటి కోట్లు 454. ఊహకు అందడం లేదు కదా!

ఒక పని చేయండి. 12 మూరల చీర తీసి నేల మీద పొడుగ్గా పరవండి. లోపలి కొస భూమి పుట్టిన రోజు అనుకోండి. కొంగు చివర ఈ రోజు అనుకోండి. ఈ చీరలో కోటి ఏళ్లంటే అర అంగుళం లోపే.

మనలాంటి మనుషులు పుట్టి సుమారు 3 లక్షల ఏళ్లయింది. చీరలో అది కొంగు చివరి నూలు పోగు ఒక్కటే. మనిషి రాయడం నేర్చి సుమారు 5 వేల ఏళ్లయింది. అది ఆ పోగులోని ఒక పీచు మందం కూడా ఉండదు.

శాస్త్రవేత్తలు ఈ చీరను నాలుగు పెద్ద భాగాలు చేశారు. ఒక్కో భాగాన్ని మహాయుగం అంటారు.

మొదటిది హేడియన్. దగ్గరదగ్గర ఒకటిన్నర మూర.
రెండోది ఆర్కియన్. 4 మూరలు.
మూడోది ప్రొటిరోజోయిక్. 5 మూరల పైచిలుకు.
నాలుగోది ఫెనరోజోయిక్. మళ్లీ దగ్గరదగ్గర ఒకటిన్నర మూర. మనం ఉన్నది ఇందులోనే.

పేర్లు నోరు తిరగనట్టు ఉన్నాయి. ఇవి గ్రీకు భాష నుంచి వచ్చిన పేర్లు. అర్థాలు మాత్రం తేలికే. హేడిస్ అంటే గ్రీకుల పాతాళ లోకం. ఆర్కే అంటే మొదలు. ప్రొటిరోజోయిక్ అంటే తొలినాటి జీవం. ఫెనరోజోయిక్ అంటే కంటికి కనిపించే జీవం.

ఆర్కియన్ అనే పేరును 1872లో అమెరికా శాస్త్రవేత్త డానా పెట్టారు. హేడియన్ అనే పేరును 1972లో ప్రెస్టన్ క్లౌడ్ అనే ఆయన పెట్టారు. భూమి పుట్టిన కొత్తలో అంతా సలసల కాగుతూ ఉండేదని, పాతాళంలా ఉండేదని అలా పెట్టారు.

కొంగు మీదే బొమ్మలు

చీరకు కొంగు మీద బొమ్మలు ఎక్కువ. ఒంటి మీద తక్కువ. భూమి చీర కూడా అంతే.

కొంగు అంటే చివరి 54 కోట్ల ఏళ్లు. ఆ కాలంలో గవ్వలు, పెంకులు, ఎముకలు ఉన్న జీవులు వచ్చాయి. అవి చచ్చాక బురదలో కూరుకుపోయాయి. బురద గట్టిపడి రాయి అయింది. వాటి ఆకారం రాతిలో ఉండిపోయింది. దాన్ని శిలాజం అంటారు. ఏ పొరలో ఏ శిలాజం ఉందో చూస్తే కాలం తెలుస్తుంది. ఉప్పెనను బట్టి కొడుకు వయసు చెప్పినట్టే ఇది.

ఇలాంటి చోట శాస్త్రవేత్తలు ఒక మంచి రాతి గుట్టను ఎంచుకుంటారు. "ఈ పొర దగ్గర ఈ యుగం మొదలైంది" అని తీర్మానిస్తారు. ఆ గుర్తును బంగారు మేకు అంటారు. నిజంగా బంగారం కాదు. కొన్నిచోట్ల కంచు బిళ్ల బిగిస్తారు.

కేంబ్రియన్ యుగం మొదలైన చోటును 1992లో నిర్ణయించారు. అది కెనడా దేశంలో న్యూఫౌండ్లాండ్ దీవి ఒడ్డున ఉంది. అక్కడి రాతిలో పురుగులాంటి ఒక జీవి బురదలో తొలుచుకుంటూ పోయిన జాడ ఉంది. ఆ జాడే గుర్తు. దానికి ముందు యుగం ఎడియాకరన్. దాని గుర్తును 2004లో దక్షిణ ఆస్ట్రేలియా కొండల్లో పెట్టారు. ఆ యుగం 63.5 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది.

గుర్తు దొరకని చోట

ఇంకా వెనక్కి వెళ్తే కష్టం మొదలవుతుంది. ఆర్కియన్ కాలంలో ఎముకలు లేవు. గవ్వలు లేవు. చెట్టు లేదు, చేప లేదు. ఉన్నవి కంటికి కనిపించని సూక్ష్మజీవులు మాత్రమే. వాటి జాడలు కూడా కొద్దిచోట్లే దొరుకుతాయి.

పైగా అంత పాత రాళ్లు ఉన్నవి ఉన్నట్టు మిగల్లేదు. కొన్ని భూమి లోపలికి కుంగి కరిగిపోయాయి. కొన్ని వేడికి, ఒత్తిడికి రూపు మారిపోయాయి. కొన్ని వానకు, ఎండకు అరిగి ఇసుకై పోయాయి. చెదలు తిన్న పుస్తకంలో అక్కడక్కడ పేజీలు మిగిలినట్టు మిగిలాయి. ఒక పేజీ కెనడాలో, ఒకటి ఆఫ్రికాలో, ఒకటి ఆస్ట్రేలియాలో, ఒకటి మన దేశంలో.

మరి హద్దు ఎక్కడ పెట్టాలి? పేజీ ఒకచోట ఉంటే దాని ముందు పేజీ ఇంకోచోట ఉంది. అందుకే ఈ పాత కాలానికి శాస్త్రవేత్తలు పంతులుగారి పద్ధతి తీసుకున్నారు. అంకె వేశారు. ఆర్కియన్ ఎప్పుడు ముగిసింది? 250 కోట్ల ఏళ్ల కిందట అని రాసుకున్నారు. 1990 దరిదాపుల్లో ఈ పద్ధతికి అంతర్జాతీయ సంఘాల ఆమోదం దొరికింది.

ఆ రోజున భూమి మీద గంట ఏమీ మోగలేదు. 251 కోట్ల ఏళ్ల నాటి రాయికీ, 249 కోట్ల ఏళ్ల నాటి రాయికీ ఒక్కసారిగా తేడా రాలేదు. పొలం మధ్య గట్టు వేసినట్టు వేశారు. గట్టుకు ఇటూ అటూ ఉన్న మట్టి ఒకటే.

అయితే వాళ్లు ఊరికే నోటికొచ్చిన అంకె వేయలేదు. 250 కోట్ల ఏళ్ల దరిదాపుల్లో చాలా దేశాల రాళ్లలో మార్పులు ఉన్నాయి. ఆ మార్పులు చూసే ఆ అంకెను ఎంచుకున్నారు. లెక్కకు తేలికగా ఉండాలని గుండు అంకె చేశారు.

రాతిలోని గడియారం

రాయి వయసు ఎలా తెలుస్తుంది? ఇది అడగాల్సిన ప్రశ్న.

జిర్కాన్ అని ఒక ఖనిజం ఉంది. ఇసుక రేణువంత ఉంటుంది. మన భీమునిపట్నం తీరంలోని నల్ల ఇసుకలో కూడా ఉంది. కరిగిన రాయి చల్లబడి గడ్డకట్టేటప్పుడు జిర్కాన్ పుడుతుంది. పుట్టేటప్పుడు అది తనలోకి కొంచెం యురేనియంను రానిస్తుంది. సీసాన్ని మాత్రం దాదాపు రానివ్వదు.

యురేనియం కుదురుగా ఉండే పదార్థం కాదు. తనంతట తాను మెల్లమెల్లగా మారి చివరికి సీసం అవుతుంది. ఎంత మెల్లగా? అందులో ఎక్కువగా ఉండే రకం సగానికి సగం సీసం కావడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది. వానొచ్చినా, ఎండకాసినా ఆ వేగం మారదు.

ఊదుబత్తి వెలిగించారనుకోండి. కొంతసేపటికి ఎంత బూడిద అయింది, ఎంత పుల్ల మిగిలింది చూస్తే వెలిగించి ఎంతసేపు అయిందో చెప్పొచ్చు. జిర్కాన్‌లో సీసమే బూడిద. యురేనియమే మిగిలిన పుల్ల.

ఇంకో సదుపాయం కూడా ఉంది. యురేనియంలో రెండు రకాలున్నాయి. రెండోది వేగంగా మారుతుంది. సగం కావడానికి 70 కోట్ల ఏళ్లు చాలు. రెండు రకాలను విడివిడిగా కొలుస్తారు. రెండు లెక్కలూ ఒకే వయసు చెప్తే నమ్ముతారు. చెప్పకపోతే మళ్లీ పరిశీలిస్తారు. ఇద్దరు సాక్షుల మాట కలిసినట్టే ఇది.

భూమి వయసు కూడా యురేనియం, సీసం లెక్కతోనే తేలింది. ఆకాశం నుంచి పడిన ఉల్కల్లోని సీసాన్ని క్లెయిర్ ప్యాటర్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త కొలిచారు. 1956లో ఆయన వేసిన లెక్క 455 కోట్ల ఏళ్లు. ఇప్పటికీ ఆ లెక్క పెద్దగా మారలేదు.

నాలుగు మడతలు

ఆర్కియన్ అనే 4 మూరల గుడ్డను మళ్లీ నాలుగు మడతలు చేశారు.

మొదటి మడత ఇయోఆర్కియన్. అంటే ఆర్కియన్ తెల్లవారుజాము. 403 నుంచి 360 కోట్ల ఏళ్ల వరకు. గ్రీన్‌లాండ్‌లో ఇసువా అనే చోట ఈ కాలపు రాళ్లున్నాయి. వాటిలో కొన్ని నీటి అడుగున ఏర్పడినవి. అంటే అప్పటికే సముద్రం ఉంది.

రెండో మడత పేలియోఆర్కియన్. అంటే పాత ఆర్కియన్. 360 నుంచి 320 కోట్ల ఏళ్ల వరకు. పశ్చిమ ఆస్ట్రేలియాలో పిల్బరా అనే చోట ఈ కాలపు రాళ్లలో గుడిసెల్లాంటి, ఉబ్బెత్తు పొరలు కనిపిస్తాయి. సూక్ష్మజీవులు పొర మీద పొర కట్టినవి అవి. వాటి వయసు 343 కోట్ల ఏళ్లు.

మూడో మడత మీసోఆర్కియన్. అంటే నడిమి ఆర్కియన్. 320 నుంచి 280 కోట్ల ఏళ్ల వరకు. నేల ముక్కలు మెల్లగా పెరిగిన కాలం. బెంగళూరు లాల్‌బాగ్ తోటలో ఒక పెద్ద బండ ఉంది. దాని వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు.

నాలుగో మడత నియోఆర్కియన్. అంటే కొత్త ఆర్కియన్. 280 నుంచి 250 కోట్ల ఏళ్ల వరకు. ఈ మడతలో మనం ఆగాలి. ఎందుకంటే ఇది మన ఇంట్లోనే ఉంది.

హైదరాబాదు చుట్టూ గుండ్రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. ఆ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. తెలంగాణలో, రాయలసీమలో చాలా గుట్టలు ఆ కాలానివే. రోలు, రుబ్బురోలు, తిరగలి అలాంటి రాతితోనే చెక్కుతారు. ఇంటి పునాదికి వేసే రాయి అదే. రోడ్డుకు కొట్టే కంకర అదే. పప్పు రుబ్బే రాయి పుట్టేనాటికి భూమి మీద గడ్డిపోచ కూడా లేదు.

అన్ని ఊళ్ల నేలా ఇంత పాతది కాదు. కృష్ణా, గోదావరి నదులు సముద్రంలో కలిసే చోట పైమట్టి కొన్ని వేల ఏళ్లదే. చీరలో అది చివరి పోగు.

ఆ కాలంలో సముద్రపు నీళ్లలో ఇనుము కరిగి ఉండేది. అది అడుగున చేరి ఎర్రచారల రాళ్లు అయింది. బళ్లారి, సండూరు కొండల ఇనుప ఖనిజం ఆర్కియన్ కాలందే. ప్రపంచంలో దొరికే ఇనుప ఖనిజంలో ఎక్కువ భాగం ఇలాంటి చారల రాళ్లదే. గాలిలో ప్రాణవాయువు ఇంకా చేరలేదు. సూక్ష్మజీవులు తయారుచేసిన ప్రాణవాయువు గాలిలో నిలవడం సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది. ఆర్కియన్ ముగిసి అప్పటికి 10 కోట్ల ఏళ్లు అయింది.

చూశారా! గట్టు ఒకచోట ఉంది. పెద్ద మార్పు ఇంకోచోట ఉంది.

తిరుమల దారిలో చిరిగిన పేజీలు

తిరుపతి నుంచి తిరుమల కొండకు బస్సులు వెళ్లే ఘాట్ రోడ్డు ఉంది. ఆ దారిలో కొండను చెక్కిన చోట రెండు రకాల రాయి కనిపిస్తుంది. కింద ఆర్కియన్ కాలపు గ్రానైట్ ఉంది. పైన పొరలు పొరలుగా క్వార్ట్జైట్ ఉంది. క్వార్ట్జైట్ అంటే బాగా గట్టిపడిన ఇసుకరాయి. ఇది ప్రొటిరోజోయిక్ కాలంది.

ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉన్నాయి. అయినా రెండింటి మధ్య పదుల కోట్ల ఏళ్ల ఖాళీ ఉంది. ఆ కాలపు రాయి అక్కడ లేదు. అది ఏర్పడకపోయి ఉండాలి, లేదా అరిగిపోయి ఉండాలి. ఈ చోటును భారత భూగర్భ సర్వే సంస్థ జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది. శాస్త్రవేత్తలు దీన్ని ఎపార్కియన్ అంటారు. ఆర్కియన్ పైన అని దాని అర్థం.

గుర్తును బట్టి హద్దు పెట్టడం ఎందుకు కష్టమో ఇక్కడ కంటితో చూడొచ్చు. గీత స్పష్టంగా ఉంది. కానీ గీత దగ్గర పేజీలు లేవు. పేజీలు చిరిగిన చోట బంగారు మేకు కొట్టలేరు.

గట్టు జరిగింది

ఒకసారి వేసిన అంకె ఎప్పటికీ మారదా? మారుతుంది. మారింది కూడా.

చాలాకాలం వరకు హేడియన్‌కూ ఆర్కియన్‌కూ మధ్య హద్దు 400 కోట్ల ఏళ్లు అనుకునేవారు. అది కూడా గుండు అంకే. కెనడా ఉత్తర ప్రాంతంలో అకాస్టా అనే నది ఉంది. అక్కడి చారల రాతిలోని జిర్కాన్‌ను కొలిస్తే 403 కోట్ల ఏళ్లని తేలింది. వయసు గట్టిగా రుజువైన రాళ్లలో అది అన్నిటికన్నా పాతది. 2022లో అంతర్జాతీయ సంఘం ఆ రాయి వయసునే హద్దుగా ఆమోదించింది. అంటే గట్టు 3 కోట్ల ఏళ్లు వెనక్కి జరిగింది. ఇప్పుడు దాని వెనక ఒక రాయి సాక్ష్యం ఉంది.

హేడియన్ కాలం సంగతి కూడా మారింది. ఆ కాలపు రేణువులు కొన్ని దొరికాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో జాక్ హిల్స్ అనే చోట 440 కోట్ల ఏళ్ల జిర్కాన్ దొరికిందని 2001లో ప్రకటించారు. మన పక్కనే ఒడిశాలో చంపువా దగ్గర 424 కోట్ల ఏళ్ల జిర్కాన్ దొరికిందని 2018లో ప్రకటించారు. జాక్ హిల్స్ రేణువుల్ని పరీక్షిస్తే ఆ తొలిరోజుల్లోనే భూమి మీద నీళ్లు ఉన్నాయన్న సూచన కనిపించింది. నీళ్లుంటే అది పూర్తిగా పాతాళం కాదు కదా! పేరు మాత్రం అలాగే ఉంది.

2012లో కొందరు శాస్త్రవేత్తలు ఇంకో మాట అన్నారు. ఆర్కియన్‌ను గుండు అంకెలతో కాక రాతిలోని మార్పులను బట్టే విభజించాలన్నారు. నాలుగు మడతలు కాదు, మూడు చాలన్నారు. ముగింపు 242 కోట్ల ఏళ్ల దగ్గర పెట్టాలన్నారు. ఆ మాటకు ఇంకా ఆమోదం రాలేదు. ప్రస్తుతం 250 కోట్లే లెక్క.

2025లో కెనడాలోనే క్యూబెక్ రాష్ట్రంలో కొన్ని రాళ్లకు 416 కోట్ల ఏళ్లని ఒక బృందం చెప్పింది. దాని మీద చర్చ సాగుతోంది. అది రుజువై నిలబడితే అకాస్టా రాయి మొదటి స్థానం పోతుంది. హద్దు మీద మళ్లీ చర్చ రావచ్చు.

అంకె వెనక ఏముంది?

కొందరు అంటారు: "ఇన్నిసార్లు మారేది శాస్త్రం ఎలా అవుతుంది?" అని. అది పొరపాటు. మారినప్పుడల్లా ఏం జరిగిందో చూడండి. ఎవరో పెద్దవాడు చెప్పాడని మారలేదు. కొత్త రాయి దొరికింది. కొత్తగా కొలిచారు. పదిమంది పరిశీలించారు. ఒప్పుకున్నాక మార్చారు.

రాతి వయసు వేరు. కాలానికి వేసిన గట్టు వేరు. వయసు రాతిలో ఉంటుంది. దాన్ని కొలుస్తారు. గట్టును మనుషులు కూర్చుని ఒప్పుకుని వేస్తారు. ఈ తేడా తెలిస్తే ఆర్కియన్ సంగతి తెలిసినట్టే.

ఇది రాళ్లకే కాదు. కాగితం మీద మీ వయసు ఉంటుంది. పింఛను ఆ అంకెను బట్టే వస్తుంది. పొలం కొలత ఉంటుంది. కూలి లెక్క ఉంటుంది. వాటిలో కొన్ని కొలిచి రాసినవి. కొన్ని పని జరగాలని వేసినవి. చదువు రానప్పుడు రెండూ ఒకలాగే కనిపిస్తాయి. చదువు వచ్చాక అడగొచ్చు. "ఈ అంకె ఎవరు వేశారు? దేన్ని చూసి వేశారు?" అని. కోట్ల ఏళ్ల నాటి రాతి దగ్గరే శాస్త్రవేత్తలు ఆ ప్రశ్న మానలేదు. ఇంటి కాగితం దగ్గర మీరెందుకు మానాలి?

అందరూ కలిసి మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో ఎవరి పుట్టిన తేదీ జరిగిన సంగతిని బట్టి తెలుసు? ఎవరిది పంతులుగారు వేసింది?
2. ఆర్కియన్ కాలానికి బంగారు మేకు కొట్టడం ఎందుకు కుదరలేదు?
3. జిర్కాన్ వయసు చెప్పడానికి రెండు లెక్కలు ఎందుకు చూస్తారు?
4. 2022లో ఏ హద్దు మారింది? ఏ రాయిని చూసి మార్చారు?
5. మీ ఊరి గుట్ట ఏ రాయి? మీ ఇంటి రోలు ఏ ఊరి రాయి? పెద్దవాళ్లను అడిగి నోటు పుస్తకంలో రాయండి.